మార్లీన్ తలకు కట్టిన గుడ్డ

"పిన్ను పెట్టనులే అమ్మమ్మా, ఒట్టు," అంది హసీనా.

"ఒట్లు నాకెందుకే. మిషను దిగేముందు సూదులు లెక్కపెట్టుకో, చాలు," అన్నాను.

టొరంటో విమానాశ్రయంలో గాజు తలుపు దగ్గర మేమిద్దరం చివరగా అనుకున్న మాటలివే. మళ్ళీ ఎప్పుడు కలుస్తామో తెలియని చోట అమ్మమ్మా మనవరాలూ పిన్నుల గురించీ సూదుల గురించీ మాట్లాడుకున్నారేమిటని మీరనుకోవచ్చు. అందుకే మొదట్నుంచీ చెబుతాను. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా కోడలు నాగూరమ్మ రాస్తోంది. నలభై ఏళ్ళు దూది నుసి మింగిన గొంతు నాది, గరగరలాడుతుంది. అందుకని తను మధ్యమధ్య "మళ్ళీ చెప్పత్తా" అంటూ ఉంటుంది.

మాది నరసరావుపేట దగ్గర. దూదేకులవాళ్ళం. దూది ఏకడం, పరుపులు కుట్టడం మా పని. నమాజు చేస్తాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా ఆయన ఖాసిం పోయి నాలుగేళ్ళయింది. హసీనా మా అమ్మాయి కూతురు. కరోనా తగ్గాక పిల్లలు గుంపులు గుంపులుగా కెనడా వెళ్ళారే, ఆ గుంపులోనే ఇదీ వెళ్ళి విండ్సర్ అనే ఊళ్ళో రెండేళ్ళు చదివింది. పట్టా ఇచ్చే పండగకు రమ్మని మా ముగ్గురికీ కాగితాలు పంపింది. చదువుకున్న కూతురికీ అల్లుడికీ వీసా రాలేదు. వేలిముద్రకు కాస్త ఇవతల ఉన్న నాకు వచ్చింది. ఎందుకొచ్చిందో నన్నడక్కండి.

టొరంటో నుంచి విండ్సర్ దాకా

కారులో నాలుగు గంటలు. దారంతా బల్లపరుపు నేల, మొక్కజొన్న చేలు, చేల మధ్యలో కొబ్బరి చెట్టుకు నాలుగింతలున్న గాలిమరలు. ఎక్కడా మనిషి కనిపించడు. "ఈ చేలన్నీ ఎవరు చేస్తారే?" అంటే, "మిషన్లు అమ్మమ్మా," అంది హసీనా. కలుపు తీసేవాళ్ళ పాట లేని పొలం చూడటం నాకదే మొదలు.

మధ్యలో టీ తాగుదామని ఆగాం. టీ ఇచ్చిన పిల్లా మనదే, డబ్బు తీసుకున్న పిల్లా మనదే, గచ్చు తుడుస్తున్న పిల్లా మనదే. మన ఊరి బస్టాండు లేచి వచ్చినట్టుంది. వేడినీళ్ళలో టీపొడి సంచీ వేసి, చల్లటి పాలు పక్కన పెట్టి, రెండు డాలర్ల చిల్లర తీసుకున్నారు. మన లెక్కలో నూట ఇరవై పైమాట. ఆ డబ్బుతో మా వీధి చివర పదిమందికి టీ పోయించొచ్చు.

ఒకటి మాత్రం చూసి ముచ్చటపడ్డాను. రోడ్డు దాటుదామని నేను అంచున అడుగు పెట్టానో లేదో, లారీ అంత బండి ఆగిపోయింది. హారను లేదు, తిట్టు లేదు. లోపలి మనిషి చెయ్యి ఊపి వెళ్ళమంటున్నాడు. నా అంతటి ముసలిదాని కోసం ఒక బండి ఆగడం అరవై మూడేళ్ళలో అదే మొదటిసారి.

గ్రేస్ గారి కింది గది

విండ్సర్ కార్లు తయారుచేసే ఊరు. నది అవతల అమెరికా. ఒడ్డున కూర్చుంటే ఎత్తు మేడలు చేతికందేటట్టు కనిపిస్తాయి. హసీనా ఉండేది భీమవరం గ్రేస్ గారింటి కింది గదుల్లో, ఇంకో ముగ్గురు ఆడపిల్లలతో. గ్రేస్ గారు ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంలో పనిచేస్తారు, ఆదివారం చర్చిలో పాడతారు.

ఈ గది దొరక్క ముందు హసీనా ఒక తెలుగాయనకు ఫోను చేసిందట. "మన తెలుగమ్మాయివేగా, రేపే వచ్చెయ్," అన్నాడట. పేరడిగి, విని, "ఇప్పుడే ఇంకొకరికి మాటిచ్చామమ్మా," అన్నాడట. గ్రేస్ గారి దగ్గరికి వచ్చేసరికి ఇది ముందే పేరు చెప్పేసిందట. ఆవిడ, "నీ పేరేదైతే నాకేంటమ్మా? బాత్రూములో వెంట్రుకలు వదలకు, అదొక్కటే," అన్నారట.

రెండో రోజు పొద్దున నేనొక ఘనకార్యం చేశాను. ఆ ఇంట్లో పరుపు చెమ్మ వాసన కొడుతోంది. పరుపు చెమ్మగా ఉంటే నాకు నిద్ర పట్టదు. ఇంటి ముందు గడ్డి మీద ఎండ బ్రహ్మాండంగా ఉంది. లాక్కొచ్చి పడేసి, చీపురు కర్రతో నాలుగు బాది, లోపలికెళ్ళి చాయ్ పెట్టుకున్నాను. బయటికొచ్చి చూస్తే పరుపు లేదు. వీధి మలుపులో ఇద్దరు పంజాబీ ఆడపిల్లలు దాన్ని నెత్తిన పెట్టుకుని పోతున్నారు!

"ఓయమ్మో! దొంగలు! పరుపు! పరుపు!" అని వెంటపడ్డాను. నా గొంతు విని ఎదురింట్లో కుక్క అరిచింది.

హసీనా పరిగెత్తుకొచ్చి వాళ్ళతో మాట్లాడి, రోడ్డు మీదే కడుపు పట్టుకుని నవ్వింది. అక్కడ ఎవరైనా పరుపు వీధిలో పెట్టారంటే, వద్దు, కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మని అర్థమట. చదువుకోవడానికొచ్చిన పిల్లల ఇళ్ళలో సగం సామాను అలా వచ్చిందేనట. వాళ్ళిద్దరూ "సారీ ఆంటీజీ, సారీ" అంటూ పరుపు వెనక్కి మోసుకొచ్చారు. నేల మీద పడుకుంటున్నారని తెలిసి మనసొప్పక, గ్రేస్ గారిని పాత దుప్పట్లు అడిగి రెండు బొంతలు కుట్టిచ్చాను. వాళ్ళు పరాఠాలు తెచ్చారు. లెక్క సరిపోయింది.

పదకొండు గంటలకు ఇంటికొచ్చిన పిల్ల

మూడో రోజు పనికెళ్ళిన హసీనా పదకొండింటికే తిరిగొచ్చింది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. పంపించేశారు."

పట్టాకు తగ్గ ఉద్యోగం దొరికేదాకా అది కారు సీట్ల తొడుగులు కుట్టే కంపెనీలో చేరింది. మూడు నెలలు చూసి పనిలో ఉంచుకుంటారు, ఇంకా మూడు వారాలున్నాయి. ఆ వారమే కొత్త సూపర్‌వైజర్ వచ్చాడట. ఒక సీటు తొడుగులో గుచ్చుకునే పిన్ను దొరికిందట. ఎవరిదో తెలియదు. అతను తిన్నగా దీని దగ్గరికొచ్చి, "నీ తల మీది గుడ్డ మిషనులో పడుతుంది, పిన్నులు సీట్లలో పడతాయి. బుధవారానికి అది తీసేసి రా, లేదంటే రావద్దు," అన్నాడట. పక్క మిషన్ల మీద జడలు గుర్రం తోకల్లా ఊగుతున్నాయి. వాటినేమీ అనలేదట.

పని పోతే గది పోతుంది. మొదటి పనిలోనే తీసేశారంటే రెండోచోట ఏం చెప్పుకుంటుంది?

అప్పుడు నేనన్నమాట దాచను. "తీసేసి వెళ్ళవే. గుడ్డే కదా. మిషను దగ్గర తీసి, గుమ్మం దాటాక కట్టుకో. తల వంచితే గాలి పైనుంచి పోతుంది."

"తాతయ్య పేరు బోర్డు మీంచి చెరిపేసినప్పుడూ ఇదే అన్నావు," అంది.

మా కొట్టుకు ఆయన ఉన్నన్నాళ్ళూ 'ఖాసిం పరుపులు' అని బోర్డుండేది. ఆయన పోయాక, ఊళ్ళో గాలి మారాక, ఆ పేరు చూసి బేరాలు పక్క కొట్టుకు పోతున్నాయని మా అబ్బాయి 'న్యూ సూపర్ పరుపులు' అని రాయించాడు. నేను సరేనన్నాను. రాయి నాగూరమ్మా, నిన్నూ నీ మొగుణ్ణీ ఏమీ అనడం లేదు. సరేనన్నది నేను.

దాని తలగుడ్డ వంక చూసి, "నీ గడ్డం కింద పిన్నులున్నాయా?" అన్నాను.

"నాలుగు."

అంతే, నాకు మండుకొచ్చింది. "పరుపులోళ్ళ ఇంట్లో పుట్టి ఒంటి మీద పిన్నుతో మిషను ముందు కూర్చుంటావుటే? మీ తాతయ్య సూదులు లెక్కపెట్టకుండా ఏనాడైనా పరుపు మూతి కుట్టాడా? ఒకటి తగ్గితే కుట్టిన పరుపు మొత్తం విప్పేవాడు. ఎవరి పసిపిల్ల దాని మీద పడుకుంటుందో నీకు తెలుసా?"

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వూ వాళ్ళ పక్షమేనా?"

"పిన్ను విషయంలో వాళ్ళ పక్షమే. గుడ్డ సంగతి ఇంకా తేల్చుకోలేదు," అన్నాను.

ఆ మధ్యాహ్నమే దానికి మా ముడి నేర్పాను. దూది ఏకే మిషనుకు పళ్ళుంటాయి. కొన దొరికితే తలనే లాక్కుపోతుంది. మా ఆడపడుచు జడ అలాగే పోయింది, మనిషి దక్కింది. అందుకని మా ఆడవాళ్ళు తలకు గుడ్డ కట్టుకోకుండా మిషను దగ్గరికి పోరు. నుదుటి మీదుగా వెనక్కి తీసి, కొనలు మెడ చుట్టూ దాటించి, గడ్డం కింద బిగించి, తిరిగి చెవి వెనక మడతలోకి దోపాలి. పిన్నుండదు, కొనుండదు. మా షెడ్డులో గుడ్డ లేని తలే ప్రమాదం. అద్దంలో చూసుకుని, "బాగానే ఉంది," అంది ముక్కుతో.

శుక్రవారం, శనివారం

శుక్రవారం మసీదుకు తీసుకెళ్ళింది. ఎక్కడెక్కడో మసీదుల మీద దాడులు జరిగాయని తలుపు దగ్గర ఒక కాపలా మనిషిని పెట్టుకున్నారు. మా వైపు మసీదుల్లో, "ఉర్దూ రాదా? మీరేం ముసల్మానులు?" అనేవాళ్ళు నాకు కొత్త కాదు. బయటేమో, "మీరు తురకలేగా" అంటారు. ఇక్కడ ఒకామె లెబనాను, ఒకామె సోమాలియా, ఒకామె బోస్నియా. ఎవరి భాష ఎవరికీ రాదు. నాకూ తెలుగు తప్ప రాదంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. లెబనాను ముసలమ్మ తన కుర్చీ నాకిచ్చి, ఆకుకూర పెట్టి కాల్చిన రొట్టె చేతిలో పెట్టింది. పుల్లగా, మన గోంగూరకు చెల్లెల్లా ఉంది.

శనివారం గ్రేస్ గారు తెలుగువాళ్ళ పిక్నిక్‌కు రమ్మన్నారు. పార్కులో పులిహోర, గారెలు, చికెన్ బిర్యానీ. అందరూ 'గారు' అనీ 'ఆంటీ' అనీ ఎంత మర్యాదగా పలకరించారో! హైదరాబాదు నుంచి వచ్చిన కంప్యూటర్ల ఉద్యోగి ఒకాయన నాకు స్వయంగా గారెలు తెచ్చిచ్చాడు. నా పేరు విని, "ఏమనుకోకండి ఆంటీ, మీరు ముస్లిమ్స్ అని అస్సలు తెలీదు. చీర, తెలుగు, అంతా మనలాగే ఉన్నారు," అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ మాటను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. సంతోషంగా తలూపేదాన్ని. ఆవేళ కూడా ఊపాను.

హసీనా పని సంగతి గ్రేస్ గారు చెబితే ఆయన, "సింపుల్ ఆంటీ. మిషను దగ్గర తీసేస్తే సరి. గుడ్డే కదా. ఇంత దూరం వచ్చి ఇష్యూ చెయ్యడం ఎందుకు?" అన్నాడు.

నేనన్నమాటే. అక్షరం పొల్లు పోలేదు. కానీ ఆయన నోట్లోంచి వింటే ఆ మాట నాది కాదనిపించింది. నేను భయపడి అన్నాను. ఈయనకు భయం లేదు, పోయేదీ లేదు. నా భయం ఈయనకు ఎంత చక్కగా సరిపోయిందో!

గ్రేస్ గారు చెంచా కింద పెట్టారు. "అయితే నా మెడలో సిలువ కూడా తీసెయ్యమంటారాండీ?"

"అయ్యో, అది వేరండీ."

"ఏం వేరండీ? చెప్పండి, తెలుసుకుంటాను."

ఆయన నవ్వి ఇంకా బిర్యానీ కావాలా అన్నాడు. తిరిగొస్తుంటే హసీనా మెల్లగా చెప్పింది: "అమ్మమ్మా, గది ఇస్తానని మానేసింది ఆయనే. గొంతు గుర్తుపట్టాను."

"అక్కడే ఎందుకు చెప్పలేదే?"

"గారె తింటున్నావుగా."

నాకు ఆ గారె ఇప్పటికీ అరగలేదు.

యూనియన్ హాలు

ఆదివారం హసీనా నన్ను పనివాళ్ళ యూనియన్ హాలుకు తీసుకెళ్ళింది. అక్కడ మార్లీన్‌ను చూశాను. ఆ కంపెనీలో ముప్ఫై ఏళ్ళుగా సీట్లు కుడుతోంది, పనివాళ్ళ తరఫున మాట్లాడేది ఆమే. కత్తిరించిన పసుపు జుట్టు, నా గొంతుకు అక్కలాంటి గొంతు. నాది దూదితో పోయింది, ఆమెది సిగరెట్లతో. నా చేతులు చూసి తన చేతులు చాపింది. ఇద్దరి చూపుడు వేళ్ళ మీదా సూది పొడిచిన మచ్చలే. భాష అక్కర్లేకపోయింది. మిగతాదంతా హసీనా తెలుగు చేసి చెప్పింది.

"కొత్తగా చేరిన పిల్ల కదా, కాస్త దయ చూపించమని అడగమను," అన్నాను నేను.

మార్లీన్ తల అడ్డంగా ఊపింది. "దయ అడగను. దయైతే ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటాడు. ఇది హక్కు. నిన్న చేరిన మనిషికైనా ఉంటుంది, చట్టంలో ఉంది. నిజంగా ప్రమాదముంటే ఆ ప్రమాదాన్ని తీసెయ్యాలి, మనిషిని కాదు. పిన్ను మాట మాత్రం అతను సరిగానే అన్నాడు. అదేం చేద్దాం?"

"ఆ ముక్క నాకొదిలెయ్యమను," అన్నాను.

ముడి చూపించమంది. హసీనాను కూర్చోబెట్టబోతే, వద్దని తనే కుర్చీలో కూర్చుంది. నా సంచిలో ఉన్న చారల తువాలు తీసి ఆ పసుపు తలకు కట్టాను. ఆమె అన్ని వైపులా లాగి చూసింది. తల విదిలించింది. బల్ల కిందకు దూరి లేచింది. కొన ఊడలేదు. "ఇది రేపు నాతోపాటు పనిలోకి వస్తుంది," అని తువాలు విప్పకుండానే బయటికెళ్ళి సిగరెట్టు ముట్టించింది.

సోమవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మార్లీన్ ఆ గుడ్డతోనే మిషను మీద కూర్చుంది. సూపర్‌వైజర్ నాలుగుసార్లు పక్కనుంచే వెళ్ళాడట. ఒకసారి ఆగి, "ఇవాళ జుట్టు దువ్వుకోలేదా?" అని నవ్వి పోయాడట. ఆమె ఎవరెవరు చూశారో, ఎన్ని గంటలకో, అన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంది.

మంగళవారం కంపెనీ పెద్దల ముందు కూర్చున్నారు. హసీనా మా ముడి కట్టుకుని వెళ్ళింది. సూపర్‌వైజర్‌ది మళ్ళీ అదే పాట: గుడ్డ ప్రమాదం. మార్లీన్ తన పుస్తకం తెరిచి అడిగిందట: "ఇదే గుడ్డ, ఇదే ముడి, ఇదే మిషను. నిన్న ఎనిమిది గంటలు నా తల మీదుంది. నువ్వు నవ్వావు. నా తల మీద నీకు కనిపించని ప్రమాదం ఈ అమ్మాయి తల మీద ఎలా కనిపించింది?"

అతను నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడట.

హసీనా అప్పుడు తనంతట తనే నోరు విప్పిందట. "పిన్నులు పెట్టడం నా తప్పు. తీసేశాను. గుడ్డ నా తప్పు కాదు."

గురువారం కాగితం వచ్చింది. పిన్నులు ఎవరూ పెట్టకూడదు. కొనలు వేలాడకుండా కట్టిన తలగుడ్డకు అభ్యంతరం లేదు. జడలూ టోపీ తాళ్ళూ కూడా లోపలికి దోపుకోవాలి. పోయిన రోజుల జీతమూ ఇచ్చారు. జడలవాళ్ళు ఇద్దరు, "నీవల్లే మాకీ గోల," అని హసీనాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ సూపర్‌వైజర్ అక్కడే ఉన్నాడు. పనిమాట తప్ప పలకడట. అతను మారాడని నేను చెప్పను. అతను మారేదాకా మనం ఆగనక్కర్లేదని మాత్రం ఆ ఊళ్ళో చూశాను.

పేరు పిలిచినప్పుడు

తర్వాతి వారం పట్టాల పండగ. పెద్ద హాలు. నల్ల గౌను మీద, పలక లాంటి టోపీ కింద, హసీనా తలకు మా ముడి. పిలిచే ఆవిడ ముందు రోజే పిల్లల్ని పేర్లు ఎలా పలకాలో అడిగి రాసుకుందట. మైకులో "దూదేకుల హసీనా" అని నిదానంగా, ఒక్క అక్షరం మింగకుండా పలికింది. మా ఊరి బడిలో హాజరు పిలిచేటప్పుడు ఆ ఇంటిపేరు రాగానే వెనక బెంచీలో నవ్వేవాళ్ళని మా అమ్మాయి ఏడ్చేది. ఇక్కడ అంత హాలు చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న మార్లీన్ వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది.

వచ్చేముందు ఆమె మిషను కుర్చీకి చిన్న మెత్త కుట్టిచ్చాను. తను ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయల సీసా ఇచ్చింది. కారమే లేదు. అయినా ఇంటిదాకా పగలకుండా తెచ్చాను. చారల తువాలు మాత్రం తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చాక

వచ్చిన మర్నాడే బోర్డులు రాసే ఆయన్ను పిలిపించాను. మా అబ్బాయి, "ఇప్పుడెందుకమ్మా, బేరాలు చూస్తున్నావుగా," అన్నాడు. "పరుపు బాగాలేదని పోతే పోనీ. పేరు బాగాలేదని పోయేవాడి కోసం మీ నాన్నను చెరపను," అన్నాను. 'ఖాసిం పరుపులు' అని మళ్ళీ రాశారు. రెండు బేరాలు పోయాయి. ఒకటి తిరిగొచ్చింది. మిగతాది చూడాలి.

చెప్పవలసింది అయిపోయింది. ఒక్క మాట, నాగూరమ్మా. నాకు అక్షరాలు రావుగానీ కలం కదలడం తెలుస్తుంది. పార్కులో గారెలాయన మాట చెప్పేటప్పుడు నీ కలం ఆగింది. బోర్డు దగ్గర కూడా ఆగింది. మనవాళ్ళు చదివితే ఏమనుకుంటారోనని నీ భయం. ఆ భయం నాకు తెలుసు, నేనే నీకు నేర్పాను. రాయకపోతే ఇప్పుడు రాయి. రాసుంటే మరీ మంచిది.

ఏదీ, మొదట్నుంచీ చదివి వినిపించు. నిదానంగా చదువు. నేను లెక్కపెట్టుకుంటాను, ఒక్క మాట తగ్గినా మొత్తం విప్పిస్తాను.